ఇనుప ఉల్కకు తుప్పు కారుతోంది, ఇంట్లో దొరికే వాటితో బాగుచేయొచ్చా?

తోకచుక్క_వైజాగ్:

అందరికీ నమస్తే. మా అన్నయ్య అమెరికా నుంచి వస్తూ నాకోసం ఒక ఇనుప ఉల్క ముక్క తెచ్చాడు. కాంపో దెల్ సియెలో అని అర్జెంటీనాది, 300 గ్రాముల పైనే ఉంటుంది, కోసిన ముక్క కాదు, ఒంటినిండా గుంటలున్న పూర్తి రాయి. వచ్చినప్పుడు ముదురు బూడిద రంగులో మెరుస్తూ ఉండేది. హాల్లో షోకేసులో పెట్టాను. మాది బీచ్ రోడ్డుకి దగ్గర, మా ఇంట్లో కిటికీ గ్రిల్స్, గేటు, గడియలు ఏవీ తుప్పు నుంచి తప్పించుకోవు, అది అలవాటైపోయింది. కానీ దీని తుప్పు తీరు వేరేగా ఉంది. వానలు మొదలయ్యాక గుంటల్లోంచి చెమట పట్టినట్టు చిన్న చిన్న గోధుమరంగు బొట్లు వస్తున్నాయి, తుడిస్తే పోతాయి, మళ్ళీ సరిగ్గా అక్కడే వస్తాయి. కింద పరిచిన తెల్ల గుడ్డ నిండా పసుపు మరకలు. ఒక మూల పొర లేచి చిన్న పెచ్చు ఊడింది, అప్పటి నుంచే టెన్షన్.

మా అత్తగారు ఇత్తడి సామానుకి చేసినట్టు చింతపండు, ఉప్పు వేసి తోమేయమంటున్నారు. పక్కింటి కుర్రాడు టాయిలెట్ క్లీనర్ పోయమంటాడు. వీడియోల్లో అయితే వెనిగర్‌లో రాత్రంతా పడేస్తున్నారు. నేను ఇంకా ఏదీ ముట్టుకోలేదు. కిరాణా కొట్లో, మందుల షాపులో దొరికే వాటితో దీన్ని కాపాడుకోవచ్చా, లేక చేయి పెడితే ఇంకా పాడవుతుందా? ఇంట్లో రెండేళ్ళ పాప ఉంది, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

గ్యారేజ్_బాబు:

నేను ఉల్కలు ఎప్పుడూ ముట్టుకోలేదు కానీ పాత స్కూటర్ల ట్యాంకులు, రిమ్ములు బాగుచేసే పనే నాది, తుప్పు సంగతి బాగా తెలుసు. ముందుగా ఆ టాయిలెట్ క్లీనర్ మాట పక్కన పెట్టండి. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్, తుప్పు కళ్ళముందే పోతుంది, కానీ దానితో కడిగిన ట్యాంకు ఎంత నీళ్ళు పోసి కడిగినా వారం తిరక్కుండా ముందుకంటే ఎక్కువ ఎర్రబడి మా దగ్గరికే వస్తుంది.

వెనిగర్ పనిచేస్తుంది కానీ నెమ్మది, వాసన. నేనైతే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ వాడతాను, లీటరు నీళ్ళకి యాభై గ్రాములు, కొన్ని గంటలు ఉంచి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే మెత్తటి తుప్పు ఊడొస్తుంది. తీశాక బట్టల సోడా నీళ్ళలో ముంచాలి, లేకపోతే ఆరుతుండగానే నారింజ రంగు పొర కట్టేస్తుంది.

అన్నిటికంటే మంచిది కరెంటు పద్ధతి. ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్ళు, లీటరుకి ఒక చెంచా బట్టల సోడా. మీ రాయి మైనస్ తీగకి, ఒక పాత ఇనుప చువ్వ ప్లస్ తీగకి, రెండూ తగలకూడదు. పాత ఐదు వోల్టుల అడాప్టర్ చాలు, కారు బ్యాటరీ చార్జర్ అక్కర్లేదు. ప్లస్, మైనస్ తారుమారైతే మీ ఉల్కే కరిగిపోతుంది, కాబట్టి రెండుసార్లు చూసుకోండి. ప్లస్ వైపు స్టీలు గరిట, స్టీలు గ్లాసు లాంటివి పెట్టొద్దు, దాన్లోని క్రోమియం నీళ్ళలోకి దిగితే విషం. కరెంటు బాగా వెళ్ళాలని ఉప్పు కలిపే వాళ్ళున్నారు, అది అసలే వద్దు, క్లోరిన్ వస్తుంది. వచ్చే బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది, అందుకని వంటింట్లో కాదు, వరండాలోనో మేడ మీదో చేయండి.

రసాయనాల_మాస్టారు:

బాబు గారు చెప్పింది ట్యాంకు విషయంలో అక్షరాలా నిజం. ఉల్క విషయానికి వచ్చేసరికి చిక్కు ఎక్కడంటే, ట్యాంకు తుప్పు పైన ఉంటుంది, దీని తుప్పు లోపలి నుంచి వస్తుంది. ఆ గోధుమరంగు బొట్లే దానికి గుర్తు.

కాంపో దెల్ సియెలో ముక్కలు నేలమీద పడి నాలుగైదు వేల ఏళ్ళయింది. అంతకాలం మట్టిలో, వాననీటిలో ఉన్నాయి. నేలలోని ఉప్పు తాలూకు క్లోరైడ్ సన్నటి పగుళ్ళ వెంబడి లోహం దాకా వెళ్ళి కూర్చుంది. ఒకప్పుడు ఇది అంతరిక్షం నుంచే వచ్చిన లారెన్సైట్ అనే ఐరన్ క్లోరైడ్ ఖనిజం అనుకునేవారు, ఇప్పటికీ చాలామంది కలెక్టర్లు ఆ పేరే వాడతారు. 1989లో బుక్వాల్డ్, క్లార్క్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అంటార్కిటికాలో దొరికిన ఉల్కలను పరిశీలించి, అసలు దోషి అకగనైట్ అనే తుప్పు అని, అందులోని క్లోరైడ్ భూమి మీద పట్టిందేనని చూపించారు.

ఇది ఎందుకు ఆగదో చెప్తాను. గాల్లోని తేమ తగిలితే లోహం కొంత కరిగి ఐరన్ అయాన్లు వస్తాయి, వాటి ధనావేశాన్ని సరిచేయడానికి క్లోరైడ్ అక్కడికే చేరుతుంది. అక్కడ పుల్లటి ఐరన్ క్లోరైడ్ ద్రవం తయారవుతుంది, మీరు చూస్తున్న బొట్టు అదే. అది ఆక్సిజన్‌తో కలిసి తుప్పుగా మారుతుంది. తుప్పు ముదిరే కొద్దీ అందులోని క్లోరైడ్ మళ్ళీ విడుదలై ఇంకాస్త లోపలికి పోయి మొదటి నుంచి మొదలుపెడుతుంది. అంటే క్లోరైడ్ ఖర్చవదు. కొంచెం ఉన్నా చాలు, లోహం, తేమ ఉన్నంతకాలం అదే పని చేస్తూ పోతుంది. తుప్పుకి లోహం కంటే చోటు ఎక్కువ కావాలి, అందుకే లోపల ఉబ్బి పెచ్చులు లేస్తున్నాయి.

ఇక మీ అత్తగారి సలహా. రాగి, ఇత్తడికి చింతపండులోని టార్టారిక్ యాసిడ్, ఉప్పు కలిసి బ్రహ్మాండంగా పనిచేస్తాయి, ఆవిడ చెప్పింది ఆ లోహానికి సరైనదే. కానీ దీనికి ఉప్పు అంటే మనం చేత్తో క్లోరైడ్ ఎక్కించినట్టే. అదే కారణంతో టాయిలెట్ క్లీనర్, బ్లీచ్, మ్యూరియాటిక్ యాసిడ్, సర్క్యూట్ బోర్డులకు వాడే ఫెర్రిక్ క్లోరైడ్, నాలుగూ వద్దు. బ్లీచ్‌ని వెనిగర్‌తో గానీ టాయిలెట్ క్లీనర్‌తో గానీ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, పాప ఉన్న ఇంట్లో బ్లీచ్ సీసాని వాటి పక్కన కూడా పెట్టకండి. వైజాగ్ బోరు నీళ్ళు కూడా వద్దు. పెట్రోలు బంకుల్లో, ఆటో స్పేర్ పార్ట్స్ షాపుల్లో బ్యాటరీ వాటర్ అని అమ్ముతారే, అంటే డిస్టిల్డ్ వాటర్, అదే వాడండి, చవక కూడా.

వెనిగర్, నిమ్మ ఉప్పు పై తుప్పును తీస్తాయి, లోపలి క్లోరైడ్ జోలికి వెళ్ళవు. పైగా కాంపోలో ట్రాయిలైట్ అనే ఐరన్ సల్ఫైడ్ ముద్దలు ఉంటాయి, యాసిడ్ తగిలితే అవి కరిగి కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, అది హైడ్రోజన్ సల్ఫైడ్, పీల్చకూడనిది. ముద్ద కరిగిన చోట గుంట మిగులుతుంది, ఆ గుంటలో మళ్ళీ తేమ చేరుతుంది.

క్లోరైడ్ బయటికి రావాలంటే యాసిడ్ కాదు, క్షారం కావాలి. పురావస్తు తవ్వకాల్లో దొరికిన ఇనుప వస్తువులకు మ్యూజియంల వాళ్ళు చేసేది ఇదే: సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా ద్రావణంలో వారాలు, నెలలు నానబెడతారు. హైడ్రాక్సైడ్ వెళ్ళి క్లోరైడ్‌ని కదిలించి బయటికి తోస్తుంది, అంత క్షారంలో ఇనుము కూడా తుప్పు పట్టకుండా నిలుస్తుంది. లీటరు బ్యాటరీ వాటర్‌కి 20 గ్రాములు వేస్తే రెండు శాతం ద్రావణం. ప్లాస్టిక్ డబ్బాలోనే చేయాలి, అల్యూమినియం గిన్నె అయితే గిన్నెనే తినేసి హైడ్రోజన్ వదులుతుంది. సోడాను నీళ్ళలో కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్ళు పోయకూడదు, బాగా వేడెక్కి చిమ్ముతుంది. కళ్ళద్దాలు, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. కంట్లో పడితే చూపు పోతుంది, ఇది మాటవరసకి చెప్పేది కాదు. ఇంకో సంగతి, డ్రైనేజీ పైపుల కోసం అమ్మే చవక రకం సోడాలో కొంత మామూలు ఉప్పు కలిసి ఉండొచ్చు, ల్యాబ్ రకం కొనండి.

ఫీనిక్స్_శ్రీను:

మాస్టారికి దండం, ఇంత వివరంగా ఎవరూ చెప్పరు. నేను అరిజోనాలో ఉంటాను, టూసన్‌లో ఏటా జరిగే రాళ్ళ సంతలో కొనడం మొదలుపెట్టి ఈ పిచ్చిలో పడ్డాను. కలెక్టర్ వైపు నుంచి కొన్ని మాటలు.

అన్ని ఇనుప ఉల్కలూ ఒకేలా తుప్పు పట్టవు, కాబట్టి ఏ వీడియో చూసినా ముందు అది ఏ ఉల్కో చూడండి. రష్యాలో 1947 ఫిబ్రవరి 12న పడిన సిఖోతే అలిన్ ముక్కలు పడగానే ఏరినవి, వాటిలో కొన్నిటి మీద గాల్లో కరిగి గడ్డకట్టిన నీలి బూడిద పొర ఇంకా ఉంటుంది, దాన్ని వెనిగర్‌లో ముంచితే ఆ పొర పోయి విలువ బాగా పడిపోతుంది. మా దగ్గరి కాన్యన్ డయాబ్లో పడి 50 వేల ఏళ్ళయినా ఎడారి పుణ్యమా అని చాలావరకు బుద్ధిగా ఉంటుంది. స్వీడన్‌లో ఉత్తర ధ్రువ వలయానికి పైన దొరికే ముయొనియొనలుస్తా మాత్రం కోసి చూస్తే కళ్ళు తిప్పుకోలేనంత అందం, కానీ నా దృష్టిలో దానంత తలనొప్పి ఇంకోటి లేదు. చైనాలో దొరికే నాంటాన్ ముక్కల్లో చాలావాటిలో లోహం కంటే తుప్పే ఎక్కువ, వాటిని కరెంటు బకెట్‌లో పెడితే తుప్పు పోవడం కాదు, ముక్కే రాలిపోతుంది. కాంపో మధ్యలో ఉంటుంది, కొన్ని ముక్కలు ఏళ్ళ తరబడి కదలవు, కొన్ని మీదానిలా ఏడుస్తూనే ఉంటాయి.

మీది పెచ్చులు లేస్తోంది కాబట్టి బాబు గారి కరెంటు పద్ధతి నేనైతే ఇప్పుడే చేయను, బుడగలు పొర కింద పుట్టి మిగతా పెచ్చుల్ని కూడా లేపేస్తాయి. గట్టి ముక్కలకి, కోసిన పలకలకి అది బాగుంటుంది. ఇత్తడి కుచ్చుల బ్రష్‌తో వదులుగా ఉన్న తుప్పు మాత్రమే తీసి నేరుగా నానబెట్టడానికి వెళ్ళండి. గ్రైండర్‌కి పెట్టే ఉక్కు బ్రష్ జోలికి పోవద్దు, బొటనవేలు అచ్చుల్లాంటి ఆ గుంటల అంచులన్నీ అరిగి నున్నగా తయారై, చూసినవాడు రోడ్డు పక్క కమ్మరి ముద్ద అనుకుంటాడు.

నానబెట్టేది మాస్టారు చెప్పినట్టే, వారానికోసారి ద్రావణం మార్చుకుంటూ పోవాలి. మొదట్లో మార్చినప్పుడల్లా నీళ్ళు పసుపుగా, మడ్డిగా ఉంటాయి, ఓపిక పట్టాలి. తర్వాత బ్యాటరీ వాటర్‌లో చాలాసార్లు నీళ్ళు మారుస్తూ కడిగి, వెంటనే ఆల్కహాల్‌లో ముంచాలి. మందుల షాపులో దొరికే 70 శాతం స్పిరిట్‌లో మిగతా 30 నీళ్ళే, అది పనికిరాదు. సెల్‌ఫోన్ రిపేరు షాపుల వాళ్ళు బోర్డులు తుడవడానికి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 99 శాతం ఉంటుంది, అది అడగండి. ఆల్కహాల్ పూర్తిగా ఆరాక, అంటే నిజంగా ఆరాక, ఓవెన్‌లో 100 డిగ్రీలకి అటూ ఇటుగా కొన్ని గంటలు పెట్టండి, పగుళ్ళలో నీళ్ళు పోవాలంటే ఇది తప్పదు.

స్టవ్ మంట మీద మాత్రం పెట్టకండి. ఇనుప ఉల్కను కోసి యాసిడ్‌తో మెరుగు పెడితే కనిపించే ఆ అడ్డదిడ్డ పట్టీల అల్లిక, విడ్మన్‌స్టాటన్ అంటారు, లక్షల ఏళ్ళకు కొన్ని డిగ్రీల చొప్పున చల్లారితే ఏర్పడిందది. ఎర్రగా కాలిస్తే అది చెరిగిపోతుంది, మళ్ళీ తెప్పించడం ఎవరి తరమూ కాదు. సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నా, 1621లో జలంధర్ దగ్గర పడిన ఇనుప ఉల్కతో జహంగీర్ కత్తులు చేయించాడు, ఒట్టి ఉల్క ఇనుము సుత్తి దెబ్బలకి నిలవకపోతే మూడు వంతులకి ఒక వంతు మామూలు ఇనుము కలిపించానని ఆయనే రాసుకున్నాడు. వాటిలో ఒక చిన్న కత్తి ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్ళ దగ్గర ఉంది.

సందేహాల_రావు:

అసలది ఉల్కేనా, ముందు అది తేల్చుకోండి. అయస్కాంతం అంటుకుంటే ఉల్క అయిపోదు, మన ఊళ్ళో ఇనుము కరిగించిన చిట్టెం రాళ్ళు కూడా అంటుకుంటాయి. ఏ మూలైనా కొంచెం అరగదీస్తే తెల్లటి వెండిలా లోహం కనిపించాలి, నికెల్ ఉండాలి, బుడగల చిల్లులు ఉండకూడదు.

తోకచుక్క_వైజాగ్:

రావు గారూ, అమ్మినవాళ్ళ కాగితంతో పాటు వచ్చింది, పెచ్చు ఊడిన చోట కింద వెండి రంగు లోహం కనిపిస్తోంది కూడా. నికెల్ పరీక్ష చేయించలేదు, చేయిస్తాను.

మాస్టారూ, శ్రీను గారూ, చాలా థాంక్స్. అయితే కాస్టిక్ సోడా అంటేనే నాకు భయంగా ఉంది. నెలల తరబడి ఇంట్లో ఆ డబ్బా పెట్టుకోవడం, పాప ఇప్పుడే అన్నీ లాగే వయసు. ఇంకేదైనా మార్గం ఉందా? ఇంకోటి, మాకు ఓవెన్ లేదు. ఇదంతా చేశాక మళ్ళీ అదే షోకేసులో పెట్టొచ్చా? కొబ్బరినూనె రాస్తే సరిపోతుందా అని మా ఆవిడ అడుగుతోంది.

రసాయనాల_మాస్టారు:

మీ భయం సబబైనదే, పాప ఉన్న ఇంట్లో నేనూ కాస్టిక్ సోడా తాళం లేని చోట పెట్టమనను. బట్టల సోడా, అంటే సోడియం కార్బొనేట్, దానితో కూడా నానబెట్టవచ్చు. అది మెల్లగా పనిచేస్తుంది, క్లోరైడ్‌ని అంత బాగా లాగలేదు, కానీ ప్రమాదం చాలా తక్కువ. లీటరుకి 50 గ్రాములు వేయండి. రంగు, వాసన కలిపిన సబ్బుపొడి కాదు, ఒట్టి సోడా. వంటసోడా ఇంకా బలహీనం, దానివల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. దీనికి కూడా మూత బిగుతుగా ఉండే డబ్బా, అటక మీద చోటు చూడండి.

రాయి మొత్తం ద్రావణంలో మునిగి ఉండాలి, సగం బయటికి తేలితే ఆ గీత దగ్గరే తుప్పు ముదురుతుంది.

ఓవెన్ లేకపోతే హెయిర్ డ్రయ్యర్‌తో బాగా వేడెక్కేదాకా, లేదా మే నెల ఎండలో మేడ మీద రేకు డబ్బాలో. వానాకాలంలో వైజాగ్‌లో ఆరబెట్టడం దండగ పని, ఇప్పుడు నానబెట్టి చలికాలంలో తీసినా తొందరేం లేదు, ద్రావణంలో ఉన్నంతకాలం దానికి ఏమీ కాదు.

ఫీనిక్స్_శ్రీను:

కొబ్బరినూనె వద్దని మీ ఆవిడకి చెప్పండి. వంటనూనె ఏదైనా కొన్నాళ్ళకి గాలి తగిలి పులిసి జిగురు కడుతుంది, లోహానికి పనికొచ్చేది మినరల్ నూనె. కుట్టుమిషన్ నూనె పలచన, తొందరగా జారిపోతుంది, నెలనెలా రాసే ఓపిక ఉంటే ఫర్వాలేదు. కలెక్టర్లలో కొందరు కార్ల ఆటోమేటిక్ గేర్లలో పోసే ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌లో ముంచి ఉంచుతారు, కొందరు తుపాకీ నూనె రాస్తారు. చూపించాలనుకునే ముక్కకి మైనం మేలు. బ్రిటిష్ మ్యూజియంలో తయారైన రినైసాన్స్ వ్యాక్స్ అని ఒకటుంది, రాయి ఇంకా వెచ్చగా ఉండగానే రుద్దితే పగుళ్ళలోకి దిగుతుంది. క్లోరైడ్ పోకుండా పైన మైనం పూస్తే మాత్రం లోపల దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది, నెలల తర్వాత మైనం కింద ఉబ్బి బయటపడుతుంది.

షోకేసు సంగతి. ప్లైవుడ్, ఎండీఎఫ్ చెక్క నుంచి ఎసిటిక్ యాసిడ్ ఆవిరి కొద్దికొద్దిగా వస్తూ ఉంటుంది, మ్యూజియం వాళ్ళు లోహాల్ని అందుకే కొత్త చెక్క పెట్టెల్లో పెట్టరు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అడుగున సిలికా జెల్. తేమ పట్టగానే రంగు మారే గింజలు కొనండి, రంగు మారితే వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. ఎంత పొడిగా ఉండాలో చెప్పాలంటే, ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఎస్ఎస్ గ్రేట్ బ్రిటన్ అని 1843 నాటి ఇనుప ఓడ ఉంది, సముద్రపు ఉప్పు పీల్చుకున్న ఓడ కదా, దాని అడుగు భాగం చుట్టూ గాలి తేమని 20 శాతానికి తగ్గించి కాపాడుతున్నారు. మీ హాల్లో వానాకాలం తేమ అంతకి మూడు నాలుగింతలు ఉంటుంది. డబ్బా తప్పదు.

ఉత్త చేతుల్తో పట్టుకోకండి, చెమటలో ఉప్పు ఉంటుంది.

శ్రీకాళహస్తి_రంగులు:

నాకు ఉల్కలు తెలియవు, మా ఇంట్లో కలంకారీ పని. తుప్పు అన్న మాట వినగానే ఒకటి చెప్పాలనిపించింది. మేం నల్లరంగు చేసేది తుప్పు ఇనుముతోనే. పాత ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి కుండలో రోజుల తరబడి పులియబెడతాం, దాన్ని కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద గీస్తే అప్పటికప్పుడు నల్లబడుతుంది, ఉతికినా పోదు. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిస్తే వచ్చే నలుపది. తుప్పు పట్టిన ఇనుము మీద కరక్కాయ కషాయం పూస్తే తుప్పు నల్లటి పొరగా మారి గట్టిపడుతుంది, మా నాన్న పాత కత్తులకి, పారలకి అలాగే చేస్తారు. మరి దీనికి పనికొస్తుందా? కొనే రసాయనాల కంటే పాప ఉన్న ఇంటికి ఇదే నయం కదా.

ఫీనిక్స్_శ్రీను:

మంచి మాట అన్నారు. టానిక్ యాసిడ్ పూత మ్యూజియంలలో కూడా పాత ఇనుముకి వాడతారు, కొత్త సంగతి కాదు. నాకున్న అభ్యంతరం రెండు. ఒకటి, రంగు నీలి నలుపుకి తిరుగుతుంది, ఉల్క సహజమైన గోధుమ బూడిద రంగు పోతుంది, తర్వాత అమ్మాలన్నా ఎవరికైనా చూపించాలన్నా పూత వేశానని చెప్పాలి. రెండు, కరక్కాయ కూడా పై తుప్పునే మారుస్తుంది. క్లోరైడ్ తీశాక ఆఖరి పూతగా అయితే ఒప్పుకుంటాను, మొదటి మందుగా మాత్రం కాదు.

గ్యారేజ్_బాబు:

కరక్కాయ సంగతి నాకు కొత్త, ట్యాంకు లోపల కాదుగానీ చాసిస్ మీద ప్రయత్నిస్తా. మాస్టారూ, ఒక డౌటు. నానబెట్టడం ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుంది? నీళ్ళు తేటగా ఉంటే క్లోరైడ్ పోయినట్టేనా?

రసాయనాల_మాస్టారు:

తేటగా ఉన్నంత మాత్రాన కాదు, క్లోరైడ్‌కి రంగు లేదు. ఇంటర్‌లో లవణ విశ్లేషణ చేసిన ప్రతివాడికీ తెలిసిన పరీక్షే. వారం నానిన ద్రావణం కొంచెం పరీక్షనాళికలో తీసుకుని, సజల నైట్రిక్ యాసిడ్ చుక్కలు చుక్కలుగా వేసి పొంగు ఆగి ఆమ్లగుణం వచ్చేదాకా ఉంచాలి. తర్వాత రెండు చుక్కలు సిల్వర్ నైట్రేట్. పాలలా తెల్లగా విరిగితే క్లోరైడ్ ఇంకా వస్తున్నట్టు, పలచగా మసకబారితే కొద్దిగా ఉన్నట్టు. నైట్రిక్ యాసిడ్ వేయడం మర్చిపోతే క్షారం వల్లే వేరే అవక్షేపం వచ్చి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. పక్కనే ఇంకా వాడని తాజా ద్రావణంతో ఇదే పరీక్ష చేసి పోల్చుకోవాలి, సోడాలోనో నీళ్ళలోనో ముందే ఉప్పు ఉంటే అక్కడ తెలిసిపోతుంది. రెండు మూడు సార్లు మార్చినా తాజా ద్రావణానికీ దీనికీ తేడా కనిపించకపోతే తీయొచ్చు.

ఒక మాట ఉన్నదున్నట్టు చెప్తాను. అకగనైట్ స్ఫటికాల లోపల సొరంగాల్లో ఇరుక్కున్న క్లోరైడ్ పూర్తిగా రాదు. మ్యూజియంలలో నానబెట్టిన వాటిలో కూడా కొన్ని మళ్ళీ తిరగబెడతాయి. అందుకే శ్రీను గారు చెప్పిన పొడి డబ్బా అవసరం ఎప్పటికీ ఉంటుంది.

తోకచుక్క_వైజాగ్:

అర్థమైంది మాస్టారూ. బట్టల సోడాతోనే మొదలుపెడతాను, డబ్బా అటక మీద. డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో పనిచేసే స్నేహితుడున్నాడు, వారం వారం ద్రావణం సీసాలో పోసి పట్టుకెళ్తే సిల్వర్ నైట్రేట్ వాడే వేస్తాడు, ఆ యాసిడ్లు ఇంటికి తేవాల్సిన పని లేదు. ఈలోగా రాయిని ఎలా ఉంచాలి? బ్యాటరీ వాటర్, సోడా తేవడానికి ఆదివారం దాకా పట్టేలా ఉంది.

ఫీనిక్స్_శ్రీను:

ఈలోగా తుడవకండి, కడగకండి. బొట్లు టిష్యూతో అద్ది తీసేసి, బియ్యం డబ్బాలో కాదు, సిలికా జెల్ పొట్లాలున్న మూత డబ్బాలో పెట్టండి, కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చేవి పాతబడితే తేమ లాగవు, కొత్తవి కొనండి. ఊడిన పెచ్చుని పారేయలేదు కదా? ముందు దాన్ని ఒక్కదాన్నే సోడాలో వేసి, ఆరబెట్టి, మైనం పూసి, వైజాగ్ గాల్లో బయట పెట్టి చూడండి. అది ఎలా ఉందో చూశాక పెద్దదాని జోలికి వెళ్ళొచ్చు.

తోకచుక్క_వైజాగ్:

పెచ్చు అగ్గిపెట్టెలో దాచాను. దానితోనే మొదలుపెడతా. అత్తగారికి చింతపండు ఎందుకు వద్దో చెప్పాను, సరే అన్నారు కానీ ఆ రాయి ఇత్తడి కంటే సుకుమారమా అని ఒకటే నవ్వు.

సందేహాల_రావు:

నికెల్ పరీక్ష మర్చిపోకండి. ఆ ల్యాబ్ స్నేహితుణ్ణే డైమిథైల్ గ్లైఆక్సైమ్ ఉందా అని అడగండి, అమోనియా వేసిన ద్రావణంలో గులాబీ ఎరుపు వస్తే నికెల్ ఉన్నట్టు. ఉన్నంత మాత్రాన ఉల్క అని రుజువు కాదు, లేకపోతే మాత్రం కాదని ఖాయం. పెచ్చులో తుప్పే ఎక్కువ ఉంటుంది కాబట్టి లోహం కనిపించే చోట దూదితో అద్ది తీసిన దానితో చేయమనండి.